పాత కారు ఏసీకి 22 వేలు పెట్టాలా?

ప్రశ్న: హనుమకొండలో ఉంటాను, రిటైర్డ్ టీచర్‌ను. 1998 మార్చిలో రిజిస్టరైన ఏపీ 36 కారు ఉంది. ఆర్సీ 2028 మార్చి దాకా చెల్లుతుంది. ఏసీ చల్లబడటం లేదు. పాత గ్యాస్ దొరకదు, కొత్త గ్యాస్‌కు మార్చాలంటే 22 వేలవుతుందని మెకానిక్ అంటున్నాడు. ఇంకో షెడ్డులో మూడు వేలకే నింపుతామన్నారు. ఎండాకాలం నాలుగు నెలలూ నెలకు రెండుసార్లు కరీంనగర్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్తాం. మా ఆవిడకు ఎండ పడదు. ఎఫ్‌డీ తీసి చేయించనా?

జవాబు: సార్, ముందు ఎఫ్‌డీ జోలికి పోకండి. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుంది. ఈ ఖర్చు చేయాల్సొచ్చినా రెండు మూడు నెలల పెన్షన్‌లో సర్దుకోవచ్చు.

ఇక బానెట్ ఎత్తి ఒకటి చూడండి. గ్యాస్ నింపే చోట మూత తీస్తే బయట మరలు కనిపిస్తే అది ఆర్-12, అంటే పాత గ్యాస్. మరలు లేకుండా నున్నగా, గొట్టం టక్కున పట్టేసేలా ఉంటే 134ఏ, అంటే మెకానిక్ చెప్పిన కొత్త గ్యాస్. ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 2003 నుంచి కొత్త కార్ల ఏసీల్లో ఆర్-12 పెట్టడం ఆగిపోయింది. 2010 నాటికి మన దేశం దాన్ని దాదాపు పూర్తిగా వదిలేసింది. మీ ఏసీ మొన్నమొన్నటి దాకా చల్లగా పనిచేసిందంటే మధ్యలో ఎవరో ఇప్పటికే మార్చి ఉండొచ్చు. అలాగైతే లీకు పట్టుకుని సరిచేస్తే చాలు, 22 వేల మాటే లేదు.

నిజంగా ఆర్-12 అయితే లెక్క వేద్దాం. ఆర్సీ ముగిసేలోగా మీకు మిగిలింది రెండు ఎండాకాలాలు, అంటే 16 ప్రయాణాలు. ఒక్కోదానికి ఏసీ ఖర్చు 1,375 రూపాయలు పడుతుంది. రానుపోను 140 కిలోమీటర్లకు పెట్రోలు పదకొండు వందల దాకా అనుకుంటే దాదాపు 2,500. ఏసీ ట్యాక్సీ అంతకన్నా తక్కువకు వస్తే కరీంనగర్ కోసమైతే మార్చడం దండగ. 2028లో మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలనుకుంటే ఆ ఖర్చూ కలపండి. 20 ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టులో ఆ ఫీజును 10 వేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్ కోసం టింకరింగ్, పెయింటింగ్ వేరే. ఏసీ బాగుందని ఇంత పాత కారుకు ఎవరూ పెద్దగా ఎక్కువివ్వరు కూడా.

మూడు వేల బేరానికి మాత్రం అస్సలు ఒప్పుకోకండి. ఆర్-12తో నడిచే కంప్రెసర్‌లో మినరల్ ఆయిల్ ఉంటుంది. 134ఏ దానితో కలవదు. పాత ఆయిల్ తీయకుండా గ్యాస్ ఎక్కిస్తే ఆయిల్ తిరిగి చేరక కంప్రెసర్ బిగుసుకుపోతుంది. కొందరు వంటగ్యాస్ లాంటి మండే గ్యాస్ కూడా నింపుతారు. డాష్‌బోర్డు లోపలుండే కూలింగ్ కాయిల్ లీకైతే అది మీరు కూర్చున్న చోటికే వస్తుంది. డబ్బు సంగతి పక్కన పెట్టినా ఇంట్లోవాళ్లను ఎక్కించుకునే బండిలో ఆ పని వద్దు.

నా సలహా ఇది. మొదట నైట్రోజన్‌తో లీకు పరీక్ష, కంప్రెసర్ పరీక్ష వరకే చేయించండి. కంప్రెసర్ బాగా లేదంటే అక్కడితో ఆపి, ఎండాకాలం ట్యాక్సీలో వెళ్లండి. బాగుంది, ఊళ్లో తిరగడానికీ రోజూ కారే కావాలి, 2028 తర్వాతా ఉంచుకుంటారు అంటే మార్పించండి. పని సగంలో వదిలేయకూడదు. ఫ్లషింగ్ (గొట్టాల్లోని పాత ఆయిల్ కడిగేయడం), కొత్త ఆయిల్, కొత్త డ్రయర్ (తేమ పీల్చే భాగం), ఓ-రింగులు (అతుకుల దగ్గరి రబ్బరు రింగులు) అన్నీ ఎస్టిమేట్‌లో విడివిడిగా రాయించుకోండి. గ్యాస్ పాతదాని బరువులో 80 నుంచి 90 శాతమే పట్టాలి, ఎక్కువ నింపితే ప్రెషర్ పెరుగుతుంది. అన్నీ సరిగ్గా చేసినా మే నెల మధ్యాహ్నం హనుమకొండ చౌరస్తాలో బండి ఆగినప్పుడు కూలింగ్ కాస్త తగ్గుతుంది. కండెన్సర్ (వేడిని బయటికి వదిలే జాలీ) ముందు అదనపు ఫ్యాన్ పెట్టిస్తే కొంత నయం.

శివరాత్రి దాటిందంటే ఏసీ షెడ్ల దగ్గర బండ్లు బారులు తీరతాయి, ఆలోపే పని పెట్టుకోండి. ఏ గ్యాస్ ఎంత పట్టింది, ఏ ఆయిల్ పోశారు అన్నది రాసి బానెట్ లోపల స్టిక్కర్ వేయమనండి. తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లినా దాన్ని చూపించండి.