తొంభై తొమ్మిది రూపాయల టర్బో బస్సు

ఆటా మాటా: పాఠకుల ప్రశ్నలు
(జవాబులు రాసేది బెంగళూరులో ఒక మొబైల్ గేమ్ కంపెనీ కస్టమర్ సపోర్ట్‌లో పనిచేసి, ఇప్పుడు అనంతపురంలో ఉంటున్న మీ అక్క)

ప్రశ్న: అక్కా, మేం ముగ్గురం కర్నూలులో ఇంజినీరింగ్ చదువుతున్నాం. కలిసి ఒక బస్సు పందేల గేమ్ చేశాం. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ దాకా రూటు. గేమ్ ఫ్రీ, టర్బో బస్సు మాత్రం 99 రూపాయలు. అది కొన్నవాళ్లే ప్రతి పందెమూ గెలుస్తున్నారని మిగతావాళ్లు ఆడడం మానేస్తున్నారు. అందుకని దాని స్పీడు తగ్గించాలనుకుంటున్నాం. అప్‌డేట్‌లో ‘చిన్న చిన్న మార్పులు’ అని రాసి ఊరుకుందామని ఒకడు, కొన్నవాళ్లకు ఫ్రీగా కాయిన్స్ ఇచ్చేద్దామని ఇంకొకడు. అందరూ డబ్బులు వెనక్కి అడుగుతారేమోనని నాకు టెన్షన్. ఏం రాయాలి, ఎప్పుడు చెప్పాలి?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ‘చిన్న చిన్న మార్పులు’ కొట్టెయ్యండి. 99 రూపాయలు పెట్టి కొన్నవాడు ఆ బస్సును రోజూ తోలుతుంటాడు. అప్‌డేట్ వచ్చాక మొదటి పందెంలోనే తేడా పసిగడతాడు. పాత వీడియో, కొత్త వీడియో పక్కపక్కన పెట్టి సాయంత్రానికల్లా గ్రూపులన్నిట్లో తిప్పుతాడు. అప్పుడిక గొడవ స్పీడు గురించి కాదు, మీరు చెప్పకుండా చేశారని. స్పీడు తగ్గించడానికి మీకో కారణం ఉంది. దాచినందుకు ఏం చెబుతారు?

కాయిన్స్ సంగతి. చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టే కొట్టాయన మీద మనకు ఎంత ఒళ్లు మండుతుందో తెలుసు కదా! రూపాయలు తీసుకున్నారు, రూపాయలే ఇవ్వండి. కాయిన్సే కావాలన్నవాడికి కాయిన్స్ ఇవ్వచ్చు, కానీ అది వాడి ఇష్టం.

ఇందులో తడబడింది మీరొక్కరే కాదు. 2023 జులైలో బ్లిజార్డ్ కంపెనీ డయాబ్లో 4 అనే తన ఆటకు ఒక అప్‌డేట్ ఇచ్చి, ఆటలో పాత్రల బలాన్ని బాగా తగ్గించింది. ఆటగాళ్లు మండిపడ్డారు. కొద్దిరోజుల్లోనే డెవలపర్లు లైవ్‌లో కూర్చుని, ఇలాంటి అప్‌డేట్ మళ్లీ చేయబోమని, ఇకమీదట ఏం మారబోతోందో ముందుగానే చెబుతామని మాటివ్వాల్సి వచ్చింది. వాళ్లు తర్వాత ఒప్పుకున్న పని మీరు మొదటే చేయండి. కనీసం వారం ముందు చెప్పండి. ఆ వారమంతా టర్బో బస్సు అమ్మకం ఆపెయ్యండి. తగ్గించబోతున్నామని తెలిసి కూడా పాత స్పీడు చూపించి అమ్మితే దాన్ని మోసమనే అంటారు.

రీఫండ్ ఇస్తామని రాసేముందు ఇంకో పని ఉంది. ఇచ్చే తాళంచెవి మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో అయితే ప్లే కన్సోల్‌లో (యాప్ చేసినవాళ్లకు గూగుల్ ఇచ్చే పేజీ) ఆర్డర్ తెరిచి మీరే రీఫండ్ చేయవచ్చు. ఐఫోన్‌లో మీ చేతిలో ఏమీ లేదు, కొన్నవాడే నేరుగా ఆపిల్‌ను అడగాలి. ఇస్తారో లేదో చెప్పేది ఆపిలే. సైబర్‌పంక్ 2077 అనే ఆట సంగతి ఇక్కడే బెడిసికొట్టింది. 2020 డిసెంబర్ 10న విడుదలైన ఆ ఆట పాత ప్లేస్టేషన్‌లో సరిగా నడవలేదు. నాలుగు రోజులకు కంపెనీ క్షమాపణ చెప్పి, నచ్చనివాళ్లు రీఫండ్ అడగవచ్చని రాసింది. కానీ ఆ సంగతి స్టోర్లతో ప్రత్యేకంగా మాట్లాడుకోలేదు. జనం ప్లేస్టేషన్ స్టోర్ నడిపే సోనీ మీద పడ్డారు. వారం తిరక్కుండానే సోనీ ఆటను స్టోర్ నుంచి తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. మాట ఒకరిది, డబ్బు డ్రాయర్ ఇంకొకరిది అయితే ఇంతే.

కాంకర్డ్ అని ఇంకో ఆట ఉంది. 2024 ఆగస్టు 23న వచ్చింది, ఆడేవాళ్లే లేరు. సెప్టెంబర్ 3న, ‘6వ తేదీన ఆపేస్తున్నాం, కొన్నవాళ్లందరికీ పూర్తి డబ్బు వెనక్కి’ అని చెప్పేశారు. ఏ స్టోర్‌లో కొన్నవాళ్లకు ఎలా వస్తుందో, డిస్క్ కొన్నవాళ్లు ఎవరిని అడగాలో విడివిడిగా రాశారు. ఆట పోయింది గానీ ‘నా డబ్బులేవి’ అని వెతుక్కునే పని తప్పింది. ఆట ఎలా ఉన్నా, ఆ ప్రకటన మాత్రం చదవదగ్గది.

మీకు నేనైతే ఇలా రాసిస్తాను. అంకెలు మీవి పెట్టుకోండి:

‘వచ్చే సోమవారం నుంచి టర్బో బస్సు గరిష్ఠ వేగం 120 నుంచి 104కి తగ్గుతుంది. ఇది కొన్నవారికి 99 రూపాయలు వెనక్కి కావాలంటే ఈ నెలాఖరులోపు అడగండి, ఇస్తాం. అప్పుడు బస్సు మీ గ్యారేజీలోంచి పోతుంది. ఐఫోన్‌లో కొన్నవారు ఆపిల్‌ను అడగాలి, ఎలా అడగాలో కింద రాశాం. డబ్బు వద్దనుకుంటే బస్సు మీ దగ్గరే ఉంటుంది. ఎందుకు తగ్గిస్తున్నామంటే, ఆన్‌లైన్ పందేల్లో ఈ బస్సు లేనివాళ్లు గెలవలేకపోతున్నారు. అంత స్పీడు పెట్టింది మేమే, తప్పు మాదే.’

చూశారా, డబ్బు మాట రెండో వాక్యంలోనే వచ్చేసింది. కారణం తర్వాత. ‘మీకు మరింత మంచి అనుభవం అందించాలని’ అని మొదలుపెట్టారో, అక్కడే చదవడం ఆపేసి తిట్టడం మొదలుపెడతారు. శుక్రవారం సాయంత్రం అప్‌డేట్ వదిలి ఊళ్లకు పోవద్దు. అప్‌డేట్ ఇచ్చిన రోజు ముగ్గురిలో ఒకరు ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సిందే. ఒక్క స్టార్ ఇచ్చి తిట్టినవాడికి ప్లే స్టోర్‌లోనే జవాబివ్వండి, మిగతావాళ్లూ అది చదువుతారు.

ఆ జవాబు మాత్రం కాపీ పేస్ట్ కాకూడదు. నేను బెంగళూరులో చేసేటప్పుడు అప్‌డేట్ సంగతి మాకంటే ముందు ఆటగాళ్లకే తెలిసేది. పొద్దున షిఫ్టుకు వచ్చేసరికి ఇన్‌బాక్స్ నిండిపోయి ఉండేది, ఏం చెప్పాలో రాసిన కాగితం మధ్యాహ్నానికి గానీ వచ్చేది కాదు. అందాకా ‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది’ అని పంపుతూ పోవడమే. ఒకాయన నేను పంపిన మూడు జవాబులూ ఒకదాని కింద ఒకటి అంటించి తిరిగి పంపాడు. మూడూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. పైన సొంతంగా ఒక్క ముక్క కూడా రాయలేదు. రాయక్కర్లేదు కూడా.

అందరూ డబ్బులు అడిగేస్తారన్న భయమా? కొంతమంది అడుగుతారు. ఇచ్చెయ్యండి.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి తొమ్మిదో తరగతి. నా ఫోన్‌లో 2,150 రూపాయలు పెట్టి గేమ్‌లో వాడే డైమండ్స్ కొన్నాడు, నాలుగైదు సార్లుగా. ఇప్పుడు అప్‌డేట్‌లో తన గన్ను పాడు చేశారని ఏడుపు. బ్యాంకులో ఫిర్యాదు చేస్తానంటే ‘ఐడీ బ్లాక్ చేస్తారమ్మా’ అంటున్నాడు. నిజమేనా? మొన్న ‘గేమ్ కంపెనీ నుంచి, రీఫండ్ ఇస్తాం, ఓటీపీ చెప్పండి’ అని ఫోన్ కూడా వచ్చింది.
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, ముందు ఫోన్ సంగతి. ఏ కంపెనీ అయినా డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఓటీపీ అడగదు. చెప్పి ఉంటే, డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం చేసే కొద్దీ దొరకడం కష్టం.

మీ అబ్బాయి చెప్పిందాంట్లో నిజముంది. బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి లాగితే ఖాతా మూసేసే కంపెనీలున్నాయి. ఫోర్ట్‌నైట్ చేసిన ఎపిక్ గేమ్స్ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ పెట్టిన ఆరోపణల్లో ఇదీ ఒకటి. 2022 డిసెంబర్‌లో ఆ కేసులో 24.5 కోట్ల డాలర్లు ఆటగాళ్లకు తిరిగివ్వడానికి ఎపిక్ ఒప్పుకుంది. అది అక్కడి సంగతి. మీరు మాత్రం బ్యాంకుకు చివర్లో వెళ్లండి.

ప్లే స్టోర్ ద్వారా కొని ఉంటే, కొన్న 48 గంటల్లోపు గూగుల్‌నే రీఫండ్ అడగవచ్చు. అది దాటితే గేమ్ కంపెనీకి రాయండి. రాసేటప్పుడు గన్ను గురించి రాయకండి. పిల్లాడు అడక్కుండా కొన్నాడని, ఏ తేదీన ఎంతో, ఆర్డర్ నంబర్లతో రాయండి. ‘ఆట పాడైంది’ అంటే వాళ్ల నిబంధనలు చూపిస్తారు, ‘మైనర్ కొన్నాడు’ అంటే కనీసం మనిషి చదువుతాడు. మన దేశంలో 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు.

బజారులో టాప్-అప్ చేసే కొట్టులో కొని ఉంటే గూగుల్‌కు సంబంధం లేదు. ఆ కొట్టాయననే అడగాలి, రసీదు ఉంటేనే.

ఇవాళే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ వేలిముద్రో పాస్‌వర్డో అడిగేలా పెట్టుకోండి. అబ్బాయి వేలిముద్ర మీ ఫోన్‌లో ఇప్పటికే ఉందేమో కూడా చూడండి. చాలా ఇళ్లల్లో ఉంటుంది.