గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తున్నాను

ప్రశ్న: నా వయసు 41. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదేళ్లపాటు రోజూ తాగాను. లివర్ దెబ్బతిందని తేలాక ఆస్పత్రిలో చేరి మానేశాను. ఆరు వారాలైంది. ఏదైనా సపోర్ట్ గ్రూప్‌కి వెళ్లమని డాక్టర్ చెప్పారు. రెండు ఆదివారాలు ఆ హాలు దాకా వెళ్లి, తెలిసినవాళ్లు చూస్తే పరువు పోతుందని బండి దిగకుండానే వచ్చేశాను. మా ఆవిడతో మాత్రం మీటింగ్ బాగా జరిగిందని చెప్పాను. అసలు అక్కడ ఏం చేస్తారు? దేవుణ్ని నమ్మాలంటారట, నాకు ఆ నమ్మకం లేదు.
- ఒక మాస్టారు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో నా కన్ను పడింది హాలు మీద కాదు, మీ ఆవిడతో చెప్పిన ఆ ఒక్క మాట మీద. తాగే రోజుల్లో ఇంట్లో ఎన్ని కథలు చెప్పి ఉంటారో మీకే తెలుసు. మందు మానేశారు గానీ దాన్ని దాచడానికి నేర్చుకున్న విద్య ఇంకా మీ దగ్గరే ఉంది. ముందు ఆ మాట సరిచేయండి. "వెళ్లాను, లోపలికి పోలేకపోయాను" అని చెప్పండి. ఆవిడ కోప్పడితే పడనివ్వండి. ఆ కోపం రేపు మీకు ఎదురయ్యే ప్రమాదం కంటే చిన్నది.

ఇక తెలిసినవాళ్ల సంగతి. కనిపించరని నేను హామీ ఇవ్వలేను. కానీ కనిపించినాయన అక్కడికి దేనికి వచ్చినట్టు? ఆయన మిమ్మల్ని చూస్తే మీరూ ఆయన్ని చూస్తారు. మందు షాపు దగ్గర పదేళ్లు నిలబడ్డప్పుడు చూసినవాళ్ల లెక్క మనం ఎప్పుడూ వేసుకోం, విచిత్రం! తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ). దాని పేరులోనే అజ్ఞాతంగా ఉండటం ఉంది. మీ పేరు మాత్రం చెప్తే చాలు, ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు. అక్కడ విన్నది బయట మాట్లాడకూడదన్నది వాళ్ల కట్టుబాటు.

లోపల జరిగేది చాలా మామూలుగా ఉంటుంది. నేనోసారి ఓపెన్ మీటింగ్‌లో వెనక వరసలో కూర్చున్నాను. ఓపెన్ అంటే ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఒకరు మొదలుపెడతారు, ఏదో కొంత చదువుతారు, తర్వాత ఒక్కొక్కరూ తమ గురించి తాము చెప్పుకుంటారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరి సలహాలివ్వరు. నాకు బాగా నచ్చింది అదే. మీ వంతు వస్తే "ఇవాళ వింటాను" అంటే సరిపోతుంది. గంట, గంటన్నరలో అయిపోతుంది. ఫీజు లేదు, చివర్లో చందా తిప్పినా ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. చేరడానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే.

ఈ ఏఏ ఎలా పుట్టిందో వినండి. 1935లో బిల్ విల్సన్ అనే ఆయన వ్యాపారం పని మీద అమెరికాలోని ఏక్రన్‌కి వెళ్లాడు. మందు మానేసి కొన్ని నెలలే అయింది. ఆ పని బెడిసికొట్టింది, హోటల్లో ఒంటరితనం, బార్ వైపు మనసు లాగుతోంది. తాగకుండా నిలబడాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలనిపించి, ఎవరెవరికో ఫోన్లు చేసి బాబ్ స్మిత్ అనే సర్జన్‌ని కలుసుకున్నాడు. అవతలివాణ్ని బాగుచేద్దామని కాదు, తను పడిపోకుండా ఉండాలని. కాబట్టి మీరు వెళ్లి కూర్చుంటే, అక్కడ ఇరవై ఏళ్లుగా తాగకుండా ఉన్న ముసలాయనకి కూడా సాయం చేసినట్టే.

దేవుడి మాట నిజమే, తాగుడు మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో ఉంది. అయితే "మనం అర్థం చేసుకున్న రీతిలో" అనే వెసులుబాటూ ఉంది. ఆ గుంపునే తమకన్నా పెద్ద శక్తి అనుకుని సాగేవాళ్లూ ఉన్నారు. అప్పటికీ మింగుడుపడకపోతే స్మార్ట్ రికవరీ అని వేరే పద్ధతి ఉంది. ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకునే మెలకువల మీద నడుస్తుంది, దేవుడి ప్రసక్తి ఉండదు. రెండింటికీ ఆన్‌లైన్ మీటింగులున్నాయి. అవి బాగానే ఉంటాయి గానీ బయట బండి మీద కూర్చునే అలవాటున్న మీకు కెమెరా ఆపేసి కూర్చోవడమూ తేలికే, అందుకే మనుషుల మధ్యకే వెళ్లమంటాను.

ఈసారి ముందు ఆ గ్రూప్‌కి ఫోన్ చేయండి. అది ఓపెనా, క్లోజ్డా అడగండి. కొత్తవాణ్ని, గేటు దగ్గర ఎవరైనా కలుస్తారా అని అడగండి. సాధారణంగా ఎవరో ఒకరు వస్తారు. పది నిమిషాలు ముందే వెళ్లండి, ఆలస్యంగా వెళ్తేనే అందరి తలలూ తిరుగుతాయి. అయిపోగానే పారిపోకుండా కుర్చీలు సర్దడంలో చెయ్యి వేయండి. అసలు మాటలు అప్పుడే మొదలవుతాయి, ఫోన్ నంబర్లు అప్పుడే దొరుకుతాయి. ఒక గ్రూప్ నచ్చకపోతే ఇంకోటి చూడండి. నాలుగైదు మీటింగులు చూడకుండా "మనకి పడదు" అని తీర్మానించకండి.

రెండు జాగ్రత్తలు. అక్కడి సభ్యులు డాక్టర్లు కారు, డాక్టర్ రాసిన మందులు ఆపేయమని ఎవరన్నా అంటే వినకండి. ఒకవేళ కాలు జారి మళ్లీ రోజూ తాగడం మొదలైతే, సిగ్గుతో ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేయకండి. అలా ఆపినప్పుడు మొదటి కొన్ని రోజుల్లో ఫిట్స్, మతిభ్రమణం వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

మీ ఆవిడ కోసం కూడా ఒక చోటుంది. తాగేవాళ్ల కుటుంబసభ్యుల కోసం 1951లో మొదలైన అల్-అనాన్. మీరు మానేశాక కూడా ఆవిడ నిద్రలో ఉలిక్కిపడి మీ ఊపిరి వాసన చూస్తూ ఉండవచ్చు, అడిగి చూడండి. వచ్చే ఆదివారం ఓపెన్ మీటింగ్ అయితే ఆవిడనే వెంట రమ్మనండి. బండి వెనక ఆవిడ కూర్చుని ఉంటే వెనక్కి తిప్పడం కష్టం.