గొర్రు కాస్తా గొర్రె అయింది

పల్లెల్లోని పాత సేద్యం మాటల్ని యూనివర్సిటీలు డిజిటల్ చేసి పెడితే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. ఇప్పుడు చేస్తున్న తీరులో అయితే ఉండదు. అనంతపురంలో పీజీ చదివేటప్పుడు అలాంటి ప్రాజెక్టులో ఆరు నెలలు పనిచేశాను, అందుకే ఇంత ధీమాగా చెబుతున్నా.

కళ్యాణదుర్గం వైపు మా పెద్దనాయన ఊరు. వేరుశనగ ఏ కార్తెలో, ఎంత పదునులో వేయాలో ఆయన చెబుతుంటే ఫోన్‌లో రెండు గంటలు రికార్డు చేశా. సాఫ్ట్‌వేరే దాన్ని అక్షరాల్లోకి మార్చింది. సారు పైపైన చూసి బాగుందన్నారు, అప్‌లోడ్ అయిపోయింది. సంక్రాంతికి ఊరెళ్లి గొప్పగా చదివి వినిపించా: "పదునైతేనే గొర్రె కట్టి విత్తాల."

పెద్దనాయన బీడీ ఆర్పి, "అబ్బీ, గొర్రెను కట్టి ఎట్ల విత్తుతారో నాకూ నేర్పీరా" అన్నాడు.

చూస్తే గొర్రు, అదే విత్తనం వేసే పనిముట్టు, అన్న ప్రతి చోటా గొర్రె అనే పడింది. గొర్రుకు పైన కట్టే, విత్తనాలు పోసే జడ్డిగం అన్న మాట రెండు ముక్కలైంది. పదునుకు 'కత్తులు, పనిముట్లు' అని ట్యాగ్ తగిలించారు. మా వైపు పదునంటే విత్తడానికి సరిపడా నేల తడి. ఎంత వాన పడిందని అడిగితే రైతు "ఒక పదునైంది" అంటాడు గానీ మిల్లీమీటర్లు చెప్పడు. ఫారంలో వర్షపాతం గడి మాత్రం అంకెలు తప్ప ఏదీ తీసుకోదు. విసుగొచ్చి 25 అని కొట్టేశా. ఆ పాపం నాదే. ఈపాటికి ఎవరి పీహెచ్‌డీలోనో అది గ్రాఫ్ అయి ఉంటుంది.

1820లో కడపకొచ్చిన బ్రౌన్ దొర వేమన పద్యాలకు దొరికిన ప్రతులన్నీ పోగేసి, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, పక్కపక్కన పెట్టి పోల్పించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. తప్పు పట్టగలిగినవాడికి జీతమివ్వాలన్న ఇంగితం ఆయనకుంది. మా ప్రాజెక్టులో నాకు స్టైపెండ్, ప్రారంభ సభలో వేదిక మీదున్న వాళ్లందరికీ శాలువాలు. పెద్దనాయనకు సర్టిఫికెట్, అందులోనూ ఇంటిపేరు తప్పు! ఆయన్నే ఒక పూట కూలిచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఉంటే మధ్యాహ్నానికల్లా అన్నీ సరిచేసేవాడు.

దిద్దమని మెయిల్ పెడితే, ప్రాజెక్టు కాలం అయిపోయింది, మార్పులు కుదరవని జవాబొచ్చింది. ఇప్పటికీ నేను ఫోన్ చేస్తే పెద్దనాయన మొదట అడిగేది ఒకటే: "ఏమబ్బీ, గొర్రెకు కాడి కట్టినారా, ల్యాదా?"