వైసుకి రంగు వేసే ముందు

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

మండపేటలో పాత రైస్ మిల్లు షెడ్డు పడగొడుతుంటే వైసు (ఇనుప ముక్కల్ని రెండు దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టు) దొరికిందనీ, గ్రైండర్ పెట్టి రంగు వేయిస్తాననీ రాశావు. ఆ గ్రైండర్ తీసి పక్కన పెట్టు. తుప్పుతోపాటు దాన్ని చేసిన కంపెనీ పేరూ ఊరూ కూడా లేచిపోతాయి.

మన కాలవ గట్ల తేమకి తుప్పు పొరలు కడుతుంది. కిరసనాయిలులో రాత్రంతా నాననిచ్చి, ఇత్తడి బ్రష్‌తో రుద్దు. ఆరాక సుద్దముక్కని అడ్డంగా రాస్తే పోతలో ఉబ్బిన అక్షరాలు తెల్లగా తేలతాయి. పక్కలు అందరూ చూస్తారు. నువ్వు కదిలే దవడని పూర్తిగా బయటకి లాగి అడుగు భాగం చూడు. అమెరికాలో 1941లో మొదలైన విల్టన్ వాళ్ళు తేదీ అక్కడే కొట్టేవారు. పాతవాటి మీద ఉండేది తయారైన తేదీ కాదు, ఐదేళ్ళ గ్యారంటీ ముగిసే తేదీ. అది తెలియక చాలామంది వైసు వయసు ఐదేళ్ళు తగ్గించేస్తారు.

‘రికార్డ్’ అని ఉంటే షెఫీల్డ్‌లోని హాంప్టన్ కంపెనీది. ‘పార్కిన్సన్’ అయితే యార్క్‌షైర్‌లోని షిప్లీ ఊరిది. పక్కన ఉన్న అంకెని సైజు అనుకోకు. రికార్డ్ 3వ నంబరు దవడ 4 అంగుళాలు. టేపు పెట్టి కొలువు. పేటెంట్ నంబరు కనిపిస్తే సంతోషమే గానీ, వైసు ఆ పేటెంట్‌కి ముందుది కాదని తప్ప అది ఇంకేం చెప్పదు. అదే నంబరుతో ఏళ్ళ తరబడి పోత పోసేవారు. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే మాత్రం 1949కీ 1990కీ మధ్యదే.

మండపేటకి ఎలా చేరిందో కనుక్కోవాలంటే మిల్లులో పనిచేసిన పాత ఫిట్టర్లని అడుగు. ఆయిల్ ఇంజన్ కొన్నప్పటి బిల్లులూ పద్దు పుస్తకాలూ ఉంటే పారేయొద్దని మిల్లువాళ్ళకి చెప్పు. ఎవరో ఒకరు ధవళేశ్వరం ఆనకట్ట నాటిది, కాటన్ దొర తెప్పించాడు అంటారు, చూస్తూండు! ఆనకట్ట కట్టింది 1847–52లో. అప్పటి కమ్మరి వైసుకి ఎక్కువగా నేల దాకా కాలు ఉండేది. పైగా సరుకు మీద తయారైన దేశం పేరు వేయడమన్నది బ్రిటన్‌లో 1887 చట్టం తరవాతే బాగా పెరిగింది. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ ఉన్న వైసుని కాటన్ దొరకి అంటగట్టొద్దు.

దవడ బిగుసుకుపోయి ఉంటే సుత్తి ఎత్తకు. పోత ఇనుము వంగదు, పగులుతుంది. ఇంకో రెండు రోజులు కిరసనాయిలు పోస్తూ ఉండు. ఊడి వచ్చాక అడుగు భాగం ఫొటో వాట్సాప్‌లో పంపు.

మీ మావయ్య