పరాయి సంగీతం నుంచి తెచ్చుకున్నది ప్రభావమా, అనుకరణా?

బాలి ద్వీపపు గామెలాన్ (కంచు వాద్యాల మేళం) విని, ఆ స్ఫూర్తితో మీరు ఒక ఎలక్ట్రానిక్ రచన చేశారనీ, విన్నవారిలో కొందరు దాన్ని ఉత్త అనుకరణ అని తేల్చేశారనీ, ఈ రెండింటికీ హద్దు ఎక్కడుందనీ అడిగారు. నేను కోనసీమలో మృదంగం నేర్చుకున్నవాణ్ణి. కొన్నేళ్ళుగా మా ప్రాంతపు డోలు, సన్నాయి విద్వాంసులతో కలిసి ప్రయోగ సంగీతం చేస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. బయటినుంచి తెచ్చుకున్నది మన దగ్గరికి వచ్చాక ఏది మారిందో చూడాలి. ఆ వస్తువైనా మారాలి, దాన్ని పట్టుకున్న చెయ్యి అయినా మారాలి. రెండూ మారకపోతే అది అనుకరణే.

ఈ ప్రస్తావన వస్తే ముందుగా వినిపించే పేరు అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్. ఆయన 1970లో ఘనా వెళ్ళి ఎవే జాతివారి డ్రమ్ముల వాద్యం అభ్యసించాడు. మలేరియా తగిలి, అనుకున్నదానికంటే ముందే తిరిగి వచ్చేశాడు. ఆ మరుసటి ఏడాది పూర్తయిన 'డ్రమ్మింగ్'లో బోంగోలు, మరింబాలు, గ్లాకెన్‌స్పీల్‌లు ఉంటాయే తప్ప ఎవే డ్రమ్ములు ఉండవు, వాళ్ళ ఇనుప గంటా ఉండదు. ఒకే లయఖండాన్ని ఇద్దరు మొదలుపెట్టి, ఒకరు కాస్త కాస్తగా ముందుకు జరుగుతూ పోయే ఫేజింగ్ పద్ధతిని ఆయన 1965లో టేపుల మీదా, 1967లో రెండు పియానోల మీదా అప్పటికే పట్టుకున్నాడు. ఘనా ఆయనకు కొత్త సరుకు ఇచ్చిందనడం కంటే, చేస్తున్నదాని మీద నమ్మకం ఇచ్చిందనడం న్యాయం. మరో అమెరికన్ స్వరకర్త టెర్రీ రైలీ సంగతీ అంతే. ఆయన 'ఇన్ సి' 1964 నాటిది. హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడైంది 1970లో. ఇది తెలియక ఆ రచనలో హిందుస్తానీ ఛాయలు వెతికేవారు చాలామంది కనిపిస్తారు.

ఈ ఫేజింగ్‌ను నేను మా డోలు విద్వాంసులు ఇద్దరి మీద ప్రయోగించి చూశాను. పెళ్ళిళ్ళలోనూ, తీర్థాల్లోనూ (ఊరి జాతరల్లోనూ) పక్కపక్కనే నిలబడి వాయించిన చేతులు అవి. ఒకరు కాస్త ముందుకు జరిగేసరికి రెండో ఆయన చెయ్యి తెలియకుండానే వెళ్ళి కలిసిపోయేది. పెద్దాయన చివరికి డోలు పక్కన పెట్టి, "ఆయ్, ఒకే ముక్క ఇద్దరం వాయిస్తూ కలవకూడదంటే, దాన్ని తాళం తప్పడమనే అంటారండీ" అన్నారు. తర్వాత మార్గం కూడా ఆయనే చూపించారు: ఒకరు చతురశ్ర గతిలో, అంటే దెబ్బకు నాలుగు అక్షరాల చొప్పున, తకధిమి మీద నిలబడి ఉంటే, రెండో ఆయన అదే సొల్లును (నోటితో పలికే లయాక్షరాల వరుసను) దెబ్బకు మూడు అక్షరాల తిశ్రంలోకి మార్చి వాయించి, ఆవర్తనం (తాళపు ఒక చుట్టు) తిరిగినప్పుడు సమంలో, అంటే తాళపు మొదటి దెబ్బలో, కలుసుకోవాలి. అప్పుడు పుట్టిన ధ్వని రైష్‌ది కాదు, ఊరేగింపులో వినిపించే మేళమూ కాదు. పొరలు జరిగి మళ్ళీ కలవడమనే ఆలోచన అమెరికా నుంచి వచ్చింది, కలిసే చోటు మాత్రం మా తాళం నిర్ణయించింది. దీన్ని నేను సంకోచం లేకుండా ప్రభావం అంటాను.

ఇంకో అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ విషయంలో ఇంకో చిత్రం ఉంది. 1960ల మధ్యలో పారిస్‌లో ఒక సినిమా కోసం రవిశంకర్ సంగీతాన్ని పాశ్చాత్య లిపిలో రాసిపెట్టే పనిలో ఉండగా, తబలా విద్వాంసుడు అల్లారఖా పదేపదే తప్పు పట్టడంతో, స్వరాలను విడదీసే నిలువుగీతలన్నీ చెరిపేశాడట. అలా రెండేసి, మూడేసి మాత్రలు గొలుసుగా కూడుతూ పోయే పద్ధతి ఆయనకు దొరికింది. మృదంగం వాయించేవాడికి ఇది స్రోతోవహ యతిలా వినిపిస్తుంది: చిన్నగా మొదలై అంతకంతకూ పెరిగే సొల్లు. అయితే మనకు అది ఎంత పెరిగినా లెక్కగా ఎడుపుకు (తాళంలో పాట ఎత్తుకునే చోటుకు) వచ్చి చేరాలి, గ్లాస్‌కు ఆవర్తనమన్న బంధనమే లేదు. మన తాళాన్ని ఆయన సగమే అర్థం చేసుకున్నాడని అనేవారున్నారు. కావచ్చు. ఆ సగంతోనే ఆయన తనదైన సంగీతం చేసుకున్నాడు.

దీన్ని పడమటివారికే పరిమితమైన వ్యవహారంగా చూడటం నాకు నచ్చదు. మనవాళ్ళూ పుచ్చుకున్నారు. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు మెట్లకు సంస్కృత సాహిత్యం కూర్చి నోట్టుస్వరాలు చేశారు. 'సంతతం పాహి మాం' బ్రిటిష్ జాతీయగీతపు మెట్టులోనే ఉంది. గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) లేదు, మెట్టు మారలేదు, మాట మాత్రమే మారింది. నా కొలత ప్రకారం అవి అనుకరణలే, పిల్లలకు నేర్పడానికి చక్కనివి కూడా. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు నేర్చుకున్న వయొలిన్ కథ వేరు. నిలబడి గడ్డం కింద పట్టుకునే వాద్యం మన దగ్గర నేల మీదికి దిగింది, దాని తల కుడి చీలమండకు ఆనింది, తంత్రులు స-ప-స-పలకు మారాయి. గడ్డంతో అదిమిపట్టే పని తప్పడంతో ఎడమచేయి తంత్రి పొడవునా జారడానికి స్వేచ్ఛ వచ్చింది, ఆ జారుడులోంచే గమకం పలికింది.

మాకు పక్కనే ఉన్న పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ది ఇంతకంటే గట్టి ఉదాహరణ. జంట తంత్రుల ఇటాలియన్ వాద్యం, స్వరస్థానాలను విడగొట్టే లోహపు మెట్లు అడుగడుగునా, మీటిన వెంటనే ఆరిపోయే నాదం. ఆయన జంటలు తీసేసి ఒంటి తంత్రులు ఐదు పెట్టుకుని, ఎలక్ట్రిక్ వాద్యం మీద నాదాన్ని నిలబెట్టుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, కుర్రవాడు ఆ పాటను తంత్రుల మీద వెతుక్కునేవాడు. అందువల్ల ఇటలీ బాణీ ఆ చేతిలోకి చొరబడే అవకాశమే లేకపోయింది.

ఇక మీ రచన. అందులో గామెలాన్ శాంపిల్ (రికార్డింగు నుంచి తీసుకున్న ముక్క) ఉంటే దాన్ని తీసేసి, అదే నిర్మాణాన్ని మీకు అలవాటైన ధ్వనులతో వాయించి వినండి. ఏమీ మిగలకపోతే మిమ్మల్ని విమర్శించినవారి మాట నిజం. బాలిలో కొటెకాన్ అని ఒక పద్ధతి ఉంది: ఇద్దరు వాదకులు పొలోస్, సంగ్‌సిహ్ అనే రెండు వరుసలను ఒకరి సందుల్లో ఒకరు వాయిస్తుంటే, ఒక్కరి చేతికి అందని వేగంతో ఒకే స్వరధార వినిపిస్తుంది. వాద్యాలను జంటగా, కావాలనే కొద్దిపాటి శ్రుతి తేడాతో తయారుచేస్తారు. ఆ తేడాలోంచే వాటి కంపన వస్తుంది. ఇవి రెండూ శాంపిల్ అవసరం లేకుండానే మీ సింథసైజర్ మీద కుదిరే పనులు. రెండు కంజీరాల మధ్య ఒక సొల్లును పంచి చూడండి, లేదా రెండు ఆసిలేటర్లను (సింథసైజర్‌లో నాదం పుట్టించే భాగాలను) శ్రుతిలో వెంట్రుకవాసి ఎడంగా పెట్టి చూడండి. శాంపిలే ఉంచాలనుకుంటే, అది ఏ బృందానిదో, ఎవరు రికార్డు చేశారో కనుక్కుని, అనుమతి తీసుకుని, పేర్లు రాయండి. మా ఊరి తీర్థంలో ఎవరో ఫోనులో పట్టుకున్న సన్నాయి ముక్క ఒకటి, వాయించిన మనిషి పేరు లేకుండా, ఎవరిదో డాన్సు పాటలో తిరగడం నేను విన్నాను. ఆయనకు అందులో ఒక్క రూపాయి కూడా ముట్టలేదు.