సందేహాలు – సమాధానాలు: రెండు వైపులా? రెండు పొరలా?

సందేహం (పుత్తూరు నుంచి ఒక పాఠకురాలు): మగ్గం పని నేర్చుకునే పిల్లల కోసం తెలుగులో చిన్న చిన్న పాఠాలు రాస్తున్నాను. ఏ వైపైనా పైకి వేసుకోగల బట్టను కొందరు ‘ద్విముఖ వస్త్రం’ అంటున్నారు, కొందరు ‘డబుల్ బట్ట’ అంటున్నారు, ఇంకొందరు ‘రెండు వైపులా బట్ట’ అని రాస్తున్నారు. తిరుపతి గాంధీ రోడ్డు కొట్లలో వినబడే ‘డబల్ కలర్’, ‘డబల్ ఇక్కత్’ కూడా ఇవేనని పిల్లలు అనుకుంటున్నారు. ఏది సరైన మాట? ‘రెండు పేకలు’ అని బహువచనం రాస్తే తప్పా?

సమాధానం: తేలిగ్గా తెగేది ముందు తెంచేద్దాం. ‘రెండు వైపులా బట్ట’ తప్పు. ‘వైపులా’ చివరనున్న దీర్ఘం సముచ్చయార్థం. రెండింటిలో ఒక్కదాన్నీ వదలడం లేదని చెప్పడానికి వచ్చింది. ఆ దీర్ఘం వస్తే తర్వాత క్రియ రావాలి: రెండు వైపులా కట్టుకోవచ్చు, రెండు వైపులా అద్దారు. నామవాచకానికి ముందు విశేషణంగా నిలబడాల్సింది ‘వైపుల’ అనే హ్రస్వరూపం. తిరుపతిలో నాలుగు కాళ్ల మండపం అంటాం గానీ నాలుగు కాళ్లా మండపం అనం కదా, అదే లెక్క. కాబట్టి ‘రెండు వైపుల బట్ట’ లేదా ‘ఇరువైపుల బట్ట’ సరైన రూపాలు. ‘రెండు వైపులా వేసుకునే బట్ట’ అన్నా తప్పులేదు. అక్కడ ‘వేసుకునే’ ఉంది కాబట్టి దీర్ఘానికి ఆధారం దొరికింది.

‘ద్విముఖ వస్త్రం’లో వ్యాకరణదోషం లేదు, రెండూ సంస్కృత పదాలే. కానీ ద్విముఖ పోటీ, ద్విముఖ వ్యూహం అని పత్రికలు వాడీ వాడీ ఆ మాట ఇప్పుడు ఎన్నికల వార్తలా వినిపిస్తోంది. పైగా బట్టకు ముఖం ఉందని మగ్గం దగ్గర ఎవరూ అనరు, పైవైపు, లోపలివైపు అంటారు. చొక్కా తిరగేసుకున్నాడంటే లోపలివైపు పైకి వచ్చిందని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ ‘వైపు’నే నిలుపుకోవడం మేలు.

అసలు చిక్కు ‘డబుల్’లో ఉంది. ఏది రెట్టింపయిందో ఆ మాట చెప్పదు. రంగా, పడుగా (మగ్గం మీది నిలువు పోగులు), పేకా (అడ్డంగా పడే పోగులు), పొరా? మీ పాఠంలో ప్రతి బట్టకూ ముందు ఈ ప్రశ్న వేయించండి. పేరు దానంతట అదే వస్తుంది.

‘డబల్ కలర్’ చీరలో రెట్టింపయింది రంగు ఒక్కటే. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు, నేత మామూలు సాదా నేతే. నీలం పడుగులో ఆకుపచ్చ పేక పడితే బట్ట కదిలినప్పుడల్లా ఒకసారి నీలం, ఒకసారి పచ్చ మెరుస్తుంది. దానికి మనకు నెమలికంఠం అనే చక్కని పేరు ఎప్పటినుంచో ఉంది. ఈ బట్టను తిరగేసి చూసినా అదే కలగలుపు మెరుపు, రెండో వైపుకు వేరే రంగు రాదు. అందువల్ల ఇది మీరు అడిగిన కోవలోకి రాదు.

‘డబుల్ ఇక్కత్’లో రెట్టింపయింది చిటికి కట్టడం. పడుగు పోగులకూ, పేక పోగులకూ నేయకముందే కట్లు కట్టి రంగు వేస్తారు. మగ్గం మీద రెండింటి మచ్చలూ ఒకచోట కూడితే బొమ్మ తేలుతుంది. గుజరాత్‌లోని పాటన్ పటోలా చీర, మన తేలియా రుమాలు ఈ జాతివి. పొర ఒక్కటే, పడుగు ఒక్కటే, పేక ఒక్కటే. రంగు పోగులోకి ఇంకి ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, పిల్లలు పొరబడేది అందుకే. ఈ పేరు జనంలో స్థిరపడింది, మార్చవద్దు. ‘పడుగుకూ పేకకూ చిటికి కట్టిన బట్ట’ అని పక్కన ఒక వాక్యం రాస్తే చాలు. ఇక్కత్ కోసం పోగు పోసే పనికి ‘ఆసు పోయడం’ అనే మాట ముందే ఉండబట్టి, నేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆ పనికి యంత్రం తయారుచేసినప్పుడు అది ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అయింది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. పనికి పేరుంటే యంత్రానికి పేరు వెతుక్కోనక్కర్లేదు.

వెంకటగిరి జామ్దానీని కూడా విడిగా చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు వెంకటగిరి అందులోకి వచ్చింది, కనుక మీ పిల్లలకు ఇది పొరుగూరి బట్టే. అక్కడ బుటా (బట్ట మీది చిన్న పువ్వులాంటి బొమ్మ) కోసం అదనపు పోగును చేత్తో, బుటా ఉన్నంతమేరే తిప్పి వెనక్కి తెస్తారు. పోగు బుటా దాటి వెనక వేలాడదు కాబట్టి రెండు వైపులా బొమ్మ దాదాపు ఒకేలా ఉంటుంది. జాకార్డు (బొమ్మకు తగ్గట్టు పడుగు పోగులను విడివిడిగా లేపే పరికరం) మీద అదనపు పేకతో వేసిన బుటా అలా కాదు. బుటాకూ బుటాకూ మధ్య పోగు వెనకవైపు సాగి ఉంటుంది, తర్వాత కత్తిరిస్తారు, చివర్లు నూగులా మిగులుతాయి. ‘రెండు వైపులా కట్టుకోవచ్చు’ అని అమ్మే చీర ఏదైనా సరే, మధ్యభాగం కాదు, అంచూ కొంగూ తిరగేసి చూడమని రాయండి. జరీ పోగులు వెనక తేలి ఉంటే ఆ మాట నిజం కాదు. జామ్దానీని నేనైతే ‘వెనకా ముందూ ఒకటే అయిన బట్ట’ అంటాను. ‘రెండు వైపుల బట్ట’ అనే పేరును రెండు వైపులూ వేర్వేరుగా ఉండి, రెండూ పైకి పనికొచ్చే బట్టకు దాచుకోవాలి.

ఆ అసలు రెండు వైపుల బట్టలో పడుగు ఒక్కటి, పేకలు రెండు. (పడుగులు రెండు, పేక ఒక్కటిగా కూడా నేస్తారు. సూత్రం అదే.) నాలుగు హీల్డు ఫ్రేముల (పడుగు పోగులను లేపి దించే చట్రాల) మగ్గం చాలు. పోగులను 1, 2, 3, 4 వరసలో ఎక్కిస్తారు. పైరంగు పేక వేసేటప్పుడు నాలుగింటిలో ఒక్క ఫ్రేము లేస్తుంది, పేక మిగతా మూడు పోగుల మీదుగా పైకి తేలుతుంది. వెనక రంగు వేసేటప్పుడు మూడు లేచి ఒక్కటి దిగుతుంది, పేక కింద తేలుతుంది. ఇలా ఒకటి విడిచి ఒకటి. దెబ్బతినేది ఎక్కడంటే, వెనక పేక ఆ దిగిన ఒక్క పోగు మీదుగా వెళ్లేచోట పైకి తొంగి చూస్తుంది. దాన్ని పైపేక తేలుళ్లు కప్పేయాలి. వరసగా రెండు పైపేకలకు 1వ పోగు, 2వ పోగు లేస్తుంటే, వాటి నడుమ పడే వెనక పేకకు 3 గానీ 4 గానీ దిగాలి. 1 గానీ 2 గానీ దిగితే పక్క పేకల్లో ఒకటి అక్కడే కిందికి దూరుతుంది కాబట్టి కప్పు చాలదు, ఎర్రబట్ట మీద నల్లచుక్కలు వరసకట్టి కనిపిస్తాయి. పేకల సంఖ్య మామూలు బట్టకు రెట్టింపు చేయకపోయినా ఇదే తప్పు జరుగుతుంది. చేస్తేనేమో బట్ట బిరుసెక్కుతుంది, అందుకని సన్నపు నూలు పేక వాడతారు.

రెండు పొరల బట్ట దీనికి పూర్తిగా వేరు. అక్కడ పడుగులు రెండు, పేకలు రెండు. ఒకే మగ్గం మీద ఒకదాని కింద ఒకటిగా రెండు బట్టలు ఒకేసారి తయారవుతాయి. 40 అంగుళాల వెడల్పులో, ఒక్కో పొరకు అంగుళానికి 30 పోగులనుకుంటే పొరకు 1200, మొత్తం 2400. అంగుళానికి 30 పళ్ల రీడు (పోగులను ఎడంగా పట్టి ఉంచే దువ్వెనలాంటిది) తీసుకుని పంటికి రెండు పోగులు, పైపొరది ఒకటి, కిందిపొరది ఒకటి, దూర్చాలి. పైపొర పోగులు 1, 3 ఫ్రేముల్లో, కిందిపొరవి 2, 4లో ఉంటాయి. పైపొరకు మొదటి పేక వేసేటప్పుడు 1 ఒక్కటే లేస్తుంది. కిందిపొరకు వేసేటప్పుడు 1, 3 రెండూ లేవాలి, వాటితో పాటు 2. తర్వాత పైకి 3, ఆ తర్వాత కిందికి 1, 3, 4. కిందిపొర పేక పడేటప్పుడు పైపొర అంతా లేచి పక్కకు తప్పుకోవాలన్నదే ఇందులోని కీలకం. కొత్తవాళ్లు 1ని గానీ 3ని గానీ లేపడం మరిచిపోతారు. అప్పుడు రెండు పొరలూ అక్కడ అతుక్కుంటాయి, కోసి తీసేదాకా తెలియదు. అరచేతి వెడల్పు నేసిన ప్రతిసారీ పక్కనుంచి స్కేలు దూర్చి చూడమని చెప్పండి. రెండు పొరల నూలు గానీ నేత గానీ వేరైతే పడుగు వాడకమూ వేరవుతుంది. ఒకే బీము (పడుగు చుట్టే దుంగ) మీద చుడితే ఒక పడుగు వదులై నాడెకు (పేకను అటూ ఇటూ మోసే సాధనానికి) తగులుకుంటుంది, కాబట్టి రెండు బీములు కావాలి.

ఇక్కడ నాడెలు ఎన్ని, ఏ వరసలో అన్నదాన్ని బట్టి బట్ట మారిపోతుంది, పేరూ మారాలి. రెండు నాడెలైతే విడివిడి పొరలు. ఒకే నాడె పైన, కింద, పైన, కింద తిరిగితే రెండు అంచులూ మూసుకుని గొట్టం వస్తుంది. దీన్ని గొట్టపు నేత అనండి. లాంతరు వత్తి, అగ్నిమాపక గొట్టం ఇలా పుట్టేవే. గొట్టానికి పోగుల సంఖ్య బేసి కావాలి: 2400 కాదు, 2399. సరి సంఖ్య అయితే చుట్టు తిరిగి వచ్చినచోట పక్కపక్క పోగులు రెండూ ఒకేలా లేచి గీత పడుతుంది. అదే నాడె పైన, కింద, కింద, పైన అని నడిస్తే ఒక అంచే మూసుకుంటుంది, విప్పితే 40 అంగుళాల మగ్గం మీద 80 అంగుళాల దుప్పటి. దీనికి ‘మడత నేత’ అని పెట్టుకోవచ్చు. మడత దగ్గర పేక లాక్కుని పోగులు ఒత్తయి, విప్పినప్పుడు నడుమ దట్టమైన చార కనబడుతుంది. మడత అంచున గట్టి నైలాన్ తీగ ఒకటి అదనంగా కట్టి, నేత అయ్యాక లాగేస్తే ఆ చార చాలావరకు తగ్గుతుంది.

ఈ రెండు పొరల సూత్రం మీద నడిచే బట్టలు ఇంకా ఉన్నాయి. కార్లలో కుట్టులేని ఎయిర్‌బ్యాగులను జాకార్డు మగ్గం మీద నేరుగా సంచిగానే నేస్తారు. నడుమ రెండు పొరలు, అంచుల్లో రెండూ కలిసి ఒక్క పొర. మఖమల్‌లో అయితే రెండు పొరల మధ్య ఇంకో పడుగు పైకీ కిందికీ తిరుగుతూ వాటిని కలుపుతుంది. మగ్గం మీదే కత్తి నడుమ కోసుకుంటూ పోతే రెండు మఖమళ్లు విడిపోతాయి. పొరల ఎడం 4 మిల్లీమీటర్లయితే ఒక్కోదాని నూగు 2. కత్తి మొద్దుబారితే నూగు ఎగుడుదిగుడవుతుంది. దీనికి ‘ముఖాముఖి నేత’ అనే పేరు భేషుగ్గా కుదురుతుంది. ముఖం అనే మాటకు ఇక్కడ నా అభ్యంతరం లేదు, నూగువైపులు నిజంగానే ఎదురెదురుగా ఉంటాయి.

టర్కీ తువ్వాలును పొరల బట్టగా రాయకండి. పొర ఒక్కటే. బిగువు పడుగు ఒకటి, వదులు పడుగు ఒకటి. రెండు పేక పోగులను బట్ట అంచుకు కొంచెం ఎడంగా ఆపి, మూడోది వేశాక మూడింటినీ కలిపి కొడితే వదులు పడుగు రెండు వైపులా ఉంగరాలుగా లేస్తుంది. టర్కీ అన్న పేరు జనానికి తెలుసు, ఉంచేయండి.

రెండు పొరల నేతకు ఒక్కమాట కావాలంటే ‘జమిలి నేత’ అనవచ్చు. జమిలి అంటే జంట. ఎన్నికల పుణ్యమా అని మళ్లీ అందరి నోళ్లలోకీ వచ్చింది. అయితే రెండు వైపుల బట్టకు దీన్ని వాడకండి, మళ్లీ ‘డబుల్’ గందరగోళమే.

ఇక ‘రెండు పేకలు’. తప్పు కాదు, పైన నేనూ అలాగే రాశాను. కాకపోతే అది రెండు తరహాల పేక అని చెబుతుంది, రెండు పోగులని కాదు. అడ్డంగా పడే ఒక్కొక్కదాన్ని ‘పేక పోగు’ అని వేరుగా రాస్తే లెక్కల్లో తికమక ఉండదు: రెండు పేకలు, అంగుళానికి 60 పేక పోగులు. నగరి వైపు పిల్లల నోట తమిళపు పావు, ఊడై వినబడితే దిద్దకండి, మొదటి పాఠంలో పడుగు, పేకల పక్కన వాటినీ రాయించండి.