కబేళాకు దగ్గరలో ఫ్లాట్ కొనే ముందు అక్కడి గాలిని ఎప్పుడు, ఎలా చూడాలి?

నగర శివారులో కబేళాకు కిలోమీటరు లోపు ఒక ఫ్లాట్ చూశామనీ, ఆదివారం మధ్యాహ్నం వెళ్లినప్పుడు వాసనేమీ తెలియలేదనీ, ఫోన్‌లోని యాప్ కూడా గాలి నాణ్యత సంతృప్తికరంగా ఉన్నట్టు చూపిస్తోందనీ, అయినా చుట్టుపక్కల వాళ్లు వాసన గురించి చెబుతున్నందువల్ల కొనాలా వద్దా తేలడం లేదనీ మీరు రాశారు. హైదరాబాద్‌లోనే అలాంటి ఒక కబేళాకు పడమటి వైపున, మూడో అంతస్తులో ఏళ్ల తరబడి ఉంటున్నాను. మీరు వెళ్లిన వేళలో ఆ ఇంటి గాలి గురించి తెలిసేది చాలా తక్కువ; యాప్ చెప్పేది అంతకన్నా తక్కువ.

మన గాలి నాణ్యత సూచీని ఎనిమిది కాలుష్యకాల ఆధారంగా లెక్కిస్తారు. వాటిలో సూక్ష్మ ధూళి కణాలు, ఓజోన్ వంటి వాటితో పాటు అమ్మోనియా కూడా ఉంది కానీ, కబేళా వాసనలో ముఖ్యమైన హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే ఈ వాయువు వంద కోట్ల పాళ్ల గాలిలో కొద్ది పాళ్లున్నా మన ముక్కు పసిగడుతుంది. పైగా సనత్‌నగర్, జూ పార్కు, నాచారం వంటి చోట్ల పెట్టిన యంత్రాలు తమ చుట్టూ ఉన్న గాలినే కొలుస్తాయి. అక్కడి అంకెనో, దాని నుంచి కట్టిన అంచనానో యాప్ మీ వీధి పేరు కింద చూపిస్తుంది.

వాసనంతా రక్తానిదే అనుకుంటారు కానీ, తాజా రక్తం వాసన ఎక్కువ దూరం రాదు. దూరం వచ్చేవి వేరే ఉన్నాయి. పశువులను కట్టి ఉంచే దొడ్డి నుంచి మూత్రపు అమ్మోనియా, పొట్టలోంచి తీసి కుప్పలు పోసిన పేడ, కడిగిన నీళ్లు కాలువలో కదలక నిలిచి కుళ్లినప్పుడు పుట్టే వాయువులు, ఒకవేళ అక్కడే కొవ్వూ వ్యర్థాలూ ఉడికించే ప్లాంటు ఉంటే ఆ ఆవిరి. ఇవి కాక, తలకాయలు, కాళ్లు కాల్చే పని ఒకటుంది. గ్యాస్ మంట మీద కాలిస్తే కాలిన వెంట్రుకల కమురు వాసనతో పోతుంది. ఖర్చు తగ్గుతుందని పాత టైర్లు వేసి కాల్చినప్పుడు మాత్రం మా బాల్కనీలో ఆరేసిన తెల్ల పంచె మీద నల్లటి పోగులు వాలి, దులిపితే పోక, గుడ్డలోకి ఇంకి మరకలయ్యేవి. ఊపిరితిత్తులకు అసలు ప్రమాదం ఈ పొగే అని నా గట్టి నమ్మకం, ఎందుకంటే సూక్ష్మ కణాలు ఎక్కువగా ఉండేది ఇందులోనే.

ఇప్పుడు వాతావరణం. మాంసం పొద్దున్నే దుకాణాలకు చేరాలి కాబట్టి పని ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున నడుస్తుంది. ఆదివారం గిరాకీ వల్ల శనివారం రాత్రి మరీ ఎక్కువ. గాలి కూడా సరిగ్గా ఆ వేళలోనే కదలకుండా ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి పైనున్న గాలికన్నా చల్లగా, బరువుగా మారి పైకి లేవలేక పోతుంది. ఆ చల్లగాలి నాలా వెంబడి పల్లానికి పాకుతూ వాసననూ వెంట తీసుకువెళ్తుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కాక, అంటే మా దగ్గర ఎనిమిదిన్నర, తొమ్మిది గంటలకు, అదంతా పైకి కలిసిపోతుంది. మధ్యాహ్నం వెళ్లిన మీకు ఏమీ తెలియకపోవడానికి కారణం ఇదే.

దిక్కు కూడా చూడాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్‌లో గాలి ప్రధానంగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి కబేళాకు తూర్పున ఉన్నవారికి వాసన వస్తుంది కానీ, ఆ గాలి బలమైనది, త్వరగా పలచబరుస్తుంది. చలికాలంలో తూర్పు, ఈశాన్యాల నుంచి మెల్లగా వీస్తుంది. పడమటి వైపు ఇళ్లకు వాసన చిక్కగా చేరేది అప్పుడే. తొలకరి వాన పడి, పేడ కుప్పలు తడిసి, మళ్లీ ఎండ కాసిన రోజులు మాత్రం ఏ దిక్కు వారికీ మంచివి కావు.

ఆరోగ్యం సంగతి చెప్పాలంటే, వాసన వచ్చిన ప్రతిసారీ విషం పీల్చినట్టు కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన జనాన్ని ఇబ్బంది పెట్టకుండా ఉండాలంటే అరగంట సగటు ఘనపు మీటరుకు 7 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆరోగ్య రక్షణకు పెట్టిన 24 గంటల ప్రమాణం 150 మైక్రోగ్రాములు. అయితే తలనొప్పి, వికారం, నిద్ర చెడడం చిన్న బాధలు కావు. ఉబ్బసం ఉన్న మా అత్తగారికి చలికాలపు తెల్లవారుజాములు నిజంగా కష్టంగా గడుస్తాయి. తొమ్మిది దాటాకే మా ఇంట్లో కిటికీలు తెరుస్తాము.

మీరు చలికాలంలో, తేటగా ఉన్న ఒక ఆదివారం పొద్దున్న ఆరు గంటలకల్లా అక్కడికి వెళ్లండి. మేడ మీద అగరువత్తి వెలిగిస్తే పొగ ఎటు వాలుతోందో తెలుస్తుంది. నగరంలో కబేళాలు మూతపడే అక్టోబరు 2న కూడా వెళ్లగలిగితే మరీ మంచిది: ఆ రోజూ వాసన తగ్గకపోతే, కారణం ఆనాటి వధ కాదు, నిలిచిన మురుగునీరో, పేడ కుప్పలో, దొడ్డో అయి ఉండవచ్చు. కబేళాలు కాలుష్య నియంత్రణలో రెడ్ కేటగిరీ, అంటే ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమల వర్గం కిందికి వస్తాయి; 1974 నాటి జల చట్టం, 1981 నాటి వాయు చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండి తీరాలి. ఆ అనుమతి పత్రంలోని షరతులను సమాచార హక్కు కింద అడగవచ్చు. ఫిర్యాదు చేయవలసి వస్తే “వాసన వస్తోంది” అని ఊరుకోకుండా తేదీ, వేళ, గాలి దిక్కు, వాసన రకం రాయండి. మా కాలనీ వాళ్లం అలా రాసి ఇచ్చాకే టైర్లు కాల్చడం ఆగింది.

మీరు చూసిన ఫ్లాట్ కబేళాకు తూర్పున, మెరక మీద, పై అంతస్తులో ఉంటే నేనైతే కొంటాను. పడమట, నాలా పక్కన పల్లంలో, గ్రౌండ్ ఫ్లోర్ అయితే, ముఖ్యంగా ఇంట్లో ఆయాసం ఉన్నవారు గానీ పసిపిల్లలు గానీ ఉంటే, ధర ఎంత తగ్గించినా వద్దనే చెబుతాను.